పాత నార్వే కామిక్ పుస్తకం ఒకటి దొరికింది. యుద్ధం రోజుల్లోదేనా?

ఓస్లో_సుబ్బు
అందరికీ నమస్కారం. ఇక్కడ ఓస్లోలో ఏడాదికి రెండుసార్లు స్కూళ్లలో పాత సామాన్ల సంత పెడతారు, పిల్లల బ్యాండు మేళానికి డబ్బుల కోసం. మొన్న ఆదివారం సంత కట్టేసే వేళకి వెళ్లాను, ఆ టైముకి బేరాలు బాగుంటాయి. ఇడ్లీ పాత్రకి సరిపోయే మూత ఏదైనా దొరుకుతుందేమోనని చూస్తుంటే పుస్తకాల డబ్బా అడుగున ఒక బొమ్మల కథల పుస్తకం కనపడింది. ముందు అట్ట లేదు, మొదటి పేజీలు ఊడిపోయాయి, వెనకట్ట మాత్రం ఉంది. ఇరవై క్రోనర్లు ఇచ్చి తెచ్చుకున్నా.

లోపల మూడు కథలున్నాయి. క్నోల్ ఓ టొట్, ఫీన్‌బెక్ ఓ ఫియా, షిప్పెర్న్. పేర్లు నార్వేవే గానీ బొమ్మలు చూడగానే గుర్తుపట్టేశా. మొదటిది కాట్జెన్‌జామర్ కిడ్స్, రెండోది బ్రింగింగ్ అప్ ఫాదర్, మూడోది మన పొపాయ్. ఒక పేజీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో కింగ్ ఫీచర్స్ సిండికేట్ (పేపర్లకి బొమ్మల కథలు అమ్మే అమెరికా కంపెనీ), 1939 అని ఉంది. వెనకట్ట మీద కాఫీకి బదులు వాడుకునే పొడి ప్రకటన. మా ఆవిడ అయితే "ఈ అటక వాసన పుస్తకం ఇంట్లోకి ఎందుకు" అంటోంది.

ఇది జర్మన్లు నార్వేని ఆక్రమించిన కాలంలో వచ్చిందేనా? అప్పుడు అమెరికా బొమ్మలు అచ్చు వేయనిచ్చేవారా?

అద్దె_పుస్తకం
సుబ్బు అన్నా, భలే దొరికింది! ఇందులో ఫాంటమ్ లేడా, అదే అడవిలో ఉండే ముసుగు హీరో? నార్వే, యుద్ధం అనగానే నాకు గుర్తొచ్చేది ఆ కథే. జర్మన్లు రేడియోలో న్యూయార్క్, వాషింగ్టన్ నేలమట్టం అయిపోయాయని ఊదరగొట్టేవారట. నార్వే వాళ్లు మాత్రం పేపర్లో ఫాంటమ్ బొమ్మలు రోజూ వస్తూనే ఉండటం చూసి, అమెరికా బాగానే ఉందిలే అని ముసిముసిగా నవ్వుకునేవారట. రహస్యంగా పోరాడే వాళ్లు 'ఫాంటమ్' అనే మాటనే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నారని కూడా అంటారు. ఫాంటమ్‌ని సృష్టించిన లీ ఫాకే ఈ సంగతి చెప్పాడని చాలాచోట్ల చదివాను.

మా ఊళ్లో అద్దె పుస్తకాల షాపులో రోజుకి పావలా ఇచ్చి ఇంద్రజాల్ కామిక్స్ చదివిన బ్యాచ్ మాది. డెంకాలీ అడవి, పుర్రె గుహ, వేలికి పుర్రె ఉంగరం. ఆ మనిషి పేరు పాస్‌వర్డ్ అయిందంటే నమ్మకుండా ఎలా ఉంటాం!

పాత_పేజీలు
పుస్తకం సంగతి ముందు చూద్దాం, ఫాంటమ్ దగ్గరికి తర్వాత వస్తా.

సుబ్బు గారూ, 1939 అన్నది అమెరికాలో ఆ బొమ్మకి కాపీరైట్ తీసుకున్న ఏడాది. నార్వేలో ఎప్పుడు వేశారో అది చెప్పదు. కాఫీ పొడి ప్రకటనతోనూ తేలదు, ఎందుకంటే నార్వేలో కాఫీ రేషన్ యుద్ధం అయిపోయాక కూడా కొన్నేళ్లు నడిచింది.

ఇక అచ్చు వేయనిచ్చారా అంటే, తేదీలు చూడండి. జర్మన్లు నార్వేలో దిగింది 1940 ఏప్రిల్ 9న. జర్మనీ అమెరికా మీద యుద్ధం ప్రకటించింది 1941 డిసెంబర్ 11న. మధ్యలో ఇరవై నెలలు. అన్నాళ్లూ అమెరికా జర్మనీకి శత్రుదేశం కాదు. ఓస్లో వీధుల్లో జర్మన్ సైనికులు తిరుగుతుండగానే, కొట్లో అమెరికా బొమ్మల కథ కొనుక్కోవడం అప్పటి లెక్కల్లో నేరమేమీ కాదన్నమాట. మనకి సినిమాలు చూసి ఆక్రమణ అంటే మొదటిరోజే అన్నీ బంద్ అనిపిస్తుంది గానీ, అలా ఒక్కసారిగా జరగలేదు. రేడియోలు లాక్కున్నదే 1941లో.

ఓస్లో_సుబ్బు
ఇది నాకు అస్సలు తట్టలేదు. అంటే 1940 క్రిస్మస్‌దో, 1941దో అయ్యుండొచ్చు?

పాత_పేజీలు
అవ్వొచ్చు. యుద్ధానికి ముందుది కూడా కావొచ్చు. స్పెల్లింగ్ చూడండి, మీకు నార్వే భాష వచ్చు కదా. 1938లో అక్కడ స్పెల్లింగ్ సంస్కరణ జరిగింది. 1941లో జర్మన్లతో చేతులు కలిపిన నార్వే నాయకుడు క్విస్లింగ్ మనుషులు ఇంకొకటి తెచ్చిపెట్టారు, 1945లో దాన్ని తీసి పక్కన పడేశారు.

ఓస్లో_సుబ్బు
నాకు వచ్చిన నార్వే భాషకి బి1 పరీక్ష గట్టెక్కడమే గగనమైంది సార్. స్పెల్లింగ్ చూసి ఏడాది చెప్పేంత సీన్ లేదు.

అచ్చాఫీసు_బాబాయ్
నేను ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఈ బొమ్మలు దేశం దాటి ఎలా వచ్చేవో చెబుతాను.

అమెరికాలో సిండికేట్ వాళ్లు ఒక్కో బొమ్మకీ అట్టతో అచ్చు తీసేవారు. మ్యాట్ అంటాం. తడి కాగితపు అట్టని బ్లాకు మీద పెట్టి గట్టిగా నొక్కితే బొమ్మ అంతా గుంటలుగా దిగుతుంది. అది తేలిగ్గా ఉంటుంది కాబట్టి పోస్టులో పంపేయొచ్చు. పేపరు వాడు అందులో కరిగిన సీసం పోస్తే ప్లేటు తయారు. కానీ వేరే భాషలో వేసేవాడికి మ్యాట్ అంతగా పనికిరాదు, బుడగల్లో ఇంగ్లీషు ఉంటుంది కదా. వాడికి మంచి కాగితం మీద తీసిన ప్రూఫు కావాలి. ఆ ప్రూఫు మీద బుడగలోని ఇంగ్లీషుని పోస్టర్ వైట్‌తో కప్పేసి, పైన క్రోక్విల్ పాళీతో తమ భాష రాసి, అప్పుడు జింకు బ్లాకు తీయించుకోవాలి.

సుబ్బు బాబూ, భూతద్దం పెట్టి బుడగల అంచులు చూడు. ఎక్కడైనా గీత సగంలో తెగి మళ్లీ మొదలైనట్టుంటే అక్కడ తెల్లరంగు పూశారన్నమాట. బొమ్మ మూలల్లో కూడా చూడు. అమెరికా బొమ్మల్లో నెల, తేదీ చిన్నగా చేత్తో రాసి ఉంటాయి. వేరే దేశం వాడు ముందు దాన్నే చెరిపేస్తాడు, పాత సరుకని పాఠకుడికి తెలియకుండా. తొందరలో ఒక్కోటి మర్చిపోతాడు కూడా.

ఇంకో మాట. ఇంగ్లీషు బుడగలు వెడల్పుగా, పొట్టిగా ఉంటాయి. అందులో తెలుగు రాయమని నాకిచ్చినప్పుడు నరకం కనపడేది. మనకి వత్తులు కిందకి, గుడులు పైకి. రెండు లైన్ల ఇంగ్లీషు పట్టే చోట ఒక్క లైను తెలుగు పట్టదు. నార్వే వాడికి ఆ బాధ లేదు, లిపి అదే కదా.

ఓస్లో_సుబ్బు
బాబాయ్ గారూ, చూశా! ఫియా అప్పడాల కర్ర విసిరే పేజీలో బుడగ అంచు మీరు చెప్పినట్టే తెగి ఉంది. ఇన్నిసార్లు తిరగేశా, ఒక్కసారీ కనపడలేదు. మూలల్లో తేదీలు మాత్రం లేవు, బాగానే చెరిపేశారు.

విజ్జి_మాల్మో
స్వీడన్ నుంచి నాదొక మాట. యుద్ధంలో ఈ దేశం తటస్థంగా ఉంది. ఇక్కడి వాళ్లు ఫాంతోమెన్ అంటారు మన ఫాంటమ్‌ని. 1940లోనే వెకో-రెవీన్ అనే వారపత్రికలో మొదలైంది. కింగ్ ఫీచర్స్ బొమ్మల్ని ఈ దేశాలన్నిటికీ అమ్మే బుల్స్ అనే ఏజెన్సీ 1929లో నార్వే మనిషి నార్వేలోనే పెట్టింది, తర్వాత స్టాక్‌హోమ్‌కి మారింది.

యుద్ధంలో సరుకు ఎలా వచ్చేదని అడుగుతారేమో. బ్రిటన్ నుంచి స్టాక్‌హోమ్‌కి విమానాలు తిరిగేవి. తర్వాత్తర్వాత మస్కిటో అనే చెక్క విమానాలు కూడా. వెళ్లేటప్పుడు స్వీడన్ నుంచి బాల్ బేరింగులు, వచ్చేటప్పుడు ఉత్తరాలు, పేపర్లు, పత్రికలు. బాంబులు పెట్టే అరలో అప్పుడప్పుడు మనిషిని కూడా పడుకోబెట్టి తీసుకెళ్లేవారు.

అద్దె_పుస్తకం
ఇంకేం! స్వీడన్‌కి వచ్చింది, పక్కనే నార్వే. సరిహద్దు 1,600 కిలోమీటర్ల పైనే ఉంది, అంతా అడవీ మంచూ. అటునుంచి ఇటు దొంగచాటుగా తేవడం ఎంతసేపు? కథ నిజమే అయ్యుంటుంది.

పాత_పేజీలు
సరిహద్దు దాటించడం కష్టం కాదు. మనుషులే వేలమంది దాటారు. కానీ తెచ్చి ఎక్కడ వేస్తారు? కథలో చెప్పేది రోజూ వచ్చే పేపరు సంగతి. ఆ పేపరు సెన్సారు కింద ఉంది. రోజూ సెన్సారు వాడి బల్ల మీద నుంచే వెళ్లాలి. 1941 డిసెంబర్ తర్వాత కొత్త అమెరికా బొమ్మ రోజూ వస్తుంటే 'ఇది ఎక్కడిది నాయనా' అని అడగడా?

రెండోది, 1942లో ఫాంటమ్ కథలోకే జపాన్ సైన్యం వచ్చేసింది. ఫాంటమ్ అడవిలో వాళ్లతో పోరాడుతుంటాడు. జపాన్ అంటే జర్మనీ జట్టు. అది జర్మన్ల చేతిలో ఉన్న ఊళ్లో అచ్చవ్వాలా?

మూడోది బాబాయ్ గారు చెప్పిన దాంట్లోనే ఉంది. బొమ్మలు పోస్టులో వస్తాయి కాబట్టి వారాల ముందే వచ్చేస్తాయి. పేపరు ఆఫీసులో నిల్వ ఉంటుంది. నిన్న న్యూయార్క్ కూలిపోయినా ఇంకో రెండు నెలలు ఫాంటమ్ ఆగడు. మరి అమెరికా బాగుందని ఆ బొమ్మ చూసి ఎలా తెలుస్తుంది?

ఇక కథ చెప్పిన ఫాక్ మామూలు మనిషి కాదు. యుద్ధంలో అమెరికా ప్రభుత్వ సమాచార శాఖలో, విదేశీ భాషల రేడియో విభాగంలో పనిచేశాడు. ఏ కథ జనంలో ఎలా పాకుతుందో అది ఆయన వృత్తి.

అద్దె_పుస్తకం
మీరు మా చిన్నతనం మీద నీళ్లు పోసేశారు సార్. 😀 కానీ పాస్‌వర్డ్ సంగతి వేరు కదా? పేపర్లో రాకపోయినా, 1941కి ముందు చదివినవాళ్లు ఆ పేరు పెట్టుకోవచ్చు కదా?

పాత_పేజీలు
అది మాత్రం ఒప్పుకుంటా. పేరు గుర్తుండటానికి పేపరు అక్కర్లేదు.

బొమ్మల_పిచ్చి
దిగుమతి ఆగిపోతే ఏమవుతుందో తెలియాలంటే బెల్జియం వైపు చూడాలి. నాకు ఇష్టమైన కథ ఇది.

బ్రసెల్స్‌లో బ్రావో అని పిల్లల పత్రిక. అందులో ఫ్లాష్ గోర్డన్ అనే అమెరికా అంతరిక్ష సాహస కథ వస్తుండేది. సరుకు ఆగిపోయింది. కథ నడిమధ్యలో ఉంది. పిల్లలు ఊరుకుంటారా? ఎడ్గార్ పి. జాకబ్స్ అని ఒకాయన్ని కూర్చోబెట్టి మిగతాది నువ్వే గీసెయ్ అన్నారు. అంతకుముందు ఆయన ఒపేరాలో పాడేవాడు, బ్యారిటోన్ గొంతు. అసలు బొమ్మలు గీసే అలెక్స్ రేమండ్ గీత పట్టుకుని, కొన్ని వారాల్లో కథని ఎలాగోలా కంచికి చేర్చాడు. ఆ ఊపులో 1943లో అదే పత్రికలో సొంతంగా లె రేయాన్ యు మొదలుపెట్టాడు. చూస్తే ఫ్లాష్ గోర్డన్‌కి తమ్ముడిలా ఉంటుంది, వింత జంతువులు, రాజ్యాలు, యంత్రాలు. 1946లో బ్లేక్ అండ్ మోర్టిమర్ అనే కామిక్‌తో ఎక్కడికో వెళ్లిపోయాడు. పోస్టు ఆగిపోకపోతే ఆయన పాటలు పాడుకుంటూ ఉండిపోయేవాడేమో!

ఇటలీలో ఇంకా తమాషా. 1938లోనే అమెరికా కామిక్స్ వద్దన్నారు, మిక్కీ మౌస్‌కి మాత్రం మినహాయింపు. 1942 మొదట్లో అదీ పోయింది. పత్రిక పేరు టోపోలినో, అంటే మిక్కీయే. పేరు మార్చలేదు. లోపల మాత్రం ఎలుక తల తీసేసి ఒక పిల్లాడిని పెట్టారు, పేరు టుఫోలినో. మిన్నీ బదులు ఒక అమ్మాయి. ఇంటి పెద్దాయన ఫోటో తీసేసి ఫ్రేము అలాగే ఉంచినట్టు.

అద్దె_పుస్తకం
టుఫోలినో 😂😂 మన టీవీ సీరియల్లో 'ఇకనుంచి ఈ పాత్రలో' అని వేస్తారే, అచ్చం అలాగే.

బొమ్మల_పిచ్చి
అచ్చంగా! సూపర్‌మ్యాన్ని మాత్రం జర్మన్లు ముందే పట్టుకున్నారు. 1940 ఫిబ్రవరిలో లుక్ పత్రికలో సూపర్‌మ్యాన్ హిట్లర్‌ని మెడపట్టి ఈడ్చుకెళ్లే రెండు పేజీల బొమ్మ వచ్చింది. ఏప్రిల్‌లో హిట్లర్ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్ వాళ్ల వారపత్రిక దాని రచయిత జెర్రీ సీగెల్‌ని యూదుడని తిడుతూ వ్యాసమే వేసింది. ఫీన్‌బెక్, పొపాయ్ లాంటి వాళ్ల మీద అంత కోపం లేదనుకుంటా. పెళ్లాం చేత అప్పడాల కర్రతో తన్నులు తినే ముసలాయన్ని చూసి ఏ సెన్సారు వాడు భయపడతాడు?

మినియాపోలిస్_మధు
కొంచెం పక్కదారి, అడ్మిన్ గారు తిట్టకండి. నార్వే భాష, అమెరికా పేపరు, పాత బొమ్మలు మళ్లీ వేయడం, ఈ మూడూ ఒకేచోట ఉన్న పేపరు మా దగ్గర్లోనే ఉండేది. ఐయోవాలో డెకోరా అనే చిన్న ఊరు. డెకోరా-పోస్టెన్ అని నార్వే భాషలో వచ్చేది, 1972 దాకా. అందులో 'హాన్ ఊలా ఓ హాన్ పేర్' అనే స్ట్రిప్. మిన్నెసోటాలో స్ప్రింగ్ గ్రోవ్ అనే ఊళ్లో వ్యవసాయం చేసుకునే పీటర్ రోసెండాల్ గీశాడు, 1918 నుంచి 1935 దాకా. ఆయన ఆపేశాక, 1942లో పోయాక కూడా పాతవే తిప్పి తిప్పి వేశారు. అది లేకపోతే పాఠకులు ఊరుకునేవారు కాదు.

డెకోరాలో నార్వే వలసవాళ్ల మ్యూజియం ఉంది, వెస్టర్‌హైమ్. పోయినేడు లాంగ్ వీకెండ్‌కి పిల్లలతో వెళ్లాం. ఆ స్ట్రిప్‌లో రైతులు మాట్లాడే భాష చూడాలి, నార్వే వాక్యంలో మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు, వాటికి నార్వే తోకలు. మా ఇంట్లో "కారు పార్క్ చేసి, గ్రోసరీస్ డ్రాప్ చేసి వస్తా" అన్నట్టే. వందేళ్ల కిందటి వాళ్ల ఎన్నారై భాష అది. ఓస్లోలో వాడికి సగం అర్థం కాదు.

అడ్మిన్
తిట్టను. ఇలాంటి పక్కదారులకి అనుమతి ఉంది. క్రికెట్ మాత్రం వద్దు.

విజ్జి_మాల్మో
భాష సంగతి వచ్చింది కాబట్టి. సుబ్బు పుస్తకంలో మొదటి కథ క్నోల్ ఓ టొట్ కదా. ఆ ఇద్దరు పిల్లల్ని 1897లో పుట్టించిన రుడాల్ఫ్ డిర్క్స్ జర్మనీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. విల్హెల్మ్ బుష్ రాసిన మాక్స్, మోరిట్జ్ అనే జర్మన్ చిచ్చరపిడుగులే వాళ్లకి మూలం. అసలు పేర్లు హాన్స్, ఫ్రిట్జ్. మాట్లాడేది జర్మన్ యాస ఇంగ్లీషు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాలో జర్మన్ అంటేనే మండిపడుతుంటే, 1918లో ఆ స్ట్రిప్ పేరే మార్చి పిల్లల్ని డచ్చి వాళ్లని చేసేశారు. గొడవ సద్దుమణిగాక పాత పేరు.

ఇప్పుడు చూడండి. జర్మన్ పిల్లలు అమెరికా వెళ్లి, అక్కడ యుద్ధానికి భయపడి డచ్చి వేషం వేసి, నార్వేకి వచ్చి క్నోల్, టొట్ అని పేర్లు పెట్టుకుని నార్వే భాషలో అల్లరి చేస్తుంటే, ఆ నార్వేకే జర్మన్లు వచ్చిపడ్డారు.

సుబ్బూ, నీ పుస్తకంలో ఆ యాస ఏమైనా కనపడుతోందా?

ఓస్లో_సుబ్బు
నాకర్థమైనంత వరకు లేదక్కా. మామూలు నార్వే భాషే. ఆ కథలోని కెప్టెన్ తిట్లు మాత్రం గమ్మత్తుగా ఉన్నాయి, డిక్షనరీలో దొరకట్లేదు.

అచ్చాఫీసు_బాబాయ్
యాసని యాసతోనే తేవాలంటే అనువాదకుడికి ధైర్యం కావాలి. నాకు ఒకసారి ఒక హాస్యకథ అనువాదం అప్పజెప్పారు. అందులో పరదేశి యాస ఉంది. దాన్ని మనవాళ్లలో ఎవరి యాసలో పెట్టినా వాళ్లకి కోపం వస్తుంది. ఆఖరికి గ్రాంథికంలో మాట్లాడించాను. ఎవరికీ కోపం రాలేదు, ఎవరూ నవ్వలేదు కూడా.

ఓస్లో_సుబ్బు
అప్‌డేట్!! మా అబ్బాయి స్కూల్లో పిల్లలందరూ క్రిస్మస్ పుస్తకాల ఆర్డర్లు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారు, పాకెట్ మనీ కోసం. యూలెహెఫ్టె అంటారు, క్రిస్మస్‌కి మాత్రమే వచ్చే సన్నటి కామిక్ పుస్తకాలు. వాడి కేటలాగ్ తిరగేస్తే క్నోల్ ఓ టొట్ ఇంకా ఉంది! 1911 నుంచి వస్తోందట.

అది చూసి నా పుస్తకం సైజూ దీని సైజూ పక్కపక్కన పెట్టి చూద్దామని తీశా. కిటికీ దగ్గర ఎండ ఏటవాలుగా పడుతోంది. వెనకట్ట లోపలి వైపు పెన్సిల్ గీతలు కనపడ్డాయి. ముద్ర పడిందే తప్ప రంగు మొత్తం పోయింది. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూస్తే పిల్లల చేతిరాత. ఒక పేరు (అది ఇక్కడ పెట్టను), కింద 'యూల్ 1940'.

పాత_పేజీలు
1940 క్రిస్మస్!! ఏప్రిల్‌లో జర్మన్లు దిగారు, డిసెంబర్‌లో ఒక పిల్లాడికో పిల్లకో అమెరికా బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. సుబ్బు గారూ, అప్పటికి ఇంట్లో రేడియో కూడా ఉండి ఉంటుంది.

పెన్సిల్ రాత పుస్తకం అచ్చయిన ఏడాదిదే కానక్కర్లేదు, పుస్తకం అంతకుముందే అచ్చయ్యుండొచ్చు. ఆ మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. కానీ లోపల 1939 ఉంది, బయట 1940 ఉంది. నాకు చాలు.

అద్దె_పుస్తకం
పాత_పేజీలు గారికే చాలంటే ఇక సుప్రీంకోర్టు తీర్పే. 🙏

అచ్చాఫీసు_బాబాయ్
బాబూ, ఆ అప్పడాల కర్ర పేజీ 600 డీపీఐలో స్కాన్ చేసి పెట్టు. అక్షరాలు రాసినవాడి చెయ్యి చూడాలి. మూడు కథలకీ ఒకడే రాశాడా, వేరువేరా అన్నది 'ఆర్' అక్షరం కాలు చూస్తే తెలిసిపోతుంది.

ఓస్లో_సుబ్బు
స్కానర్ ఆఫీసులో ఉంది బాబాయ్ గారూ. సోమవారం పెడతా. పుస్తకం మాత్రం ఇప్పుడు మా ఆవిడే బీరువాలో చీరల మధ్య పెట్టింది, అటక వాసన సంగతి మర్చిపోయినట్టుంది.

మినియాపోలిస్_మధు
అంతా బాగుంది గానీ, ఇడ్లీ పాత్రకి మూత దొరికిందా?

ఓస్లో_సుబ్బు
లేదు. కంచం బోర్లించి వాడుతున్నాం.